ఏ కాలపు ఫోటో కావాలో ముందు తేల్చుకో

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఇత్తడి చెంబు, తమలపాకులు, ఎండుమిరపకాయలు, కుంకుమ భరిణె చక్కగా అమర్చావు. కిటికీ వెలుతురు ఒక్క పక్కనుంచే పడనిచ్చావు, అది నాకు మరీ నచ్చింది. కానీ పైన వేసిన ఆ వింటేజ్ ఫిల్టర్ వల్ల అన్నీ పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టయ్యాయి. చెంబు మెరుపు పోయింది, ఆకు పచ్చదనం పోయింది. పాత లుక్ ఎలా తేవాలని అడిగావు కదా, ఏ కాలపు పాతదనం కావాలో ముందు తేల్చుకో. మిగతా ఎడిటింగంతా దాన్నిబట్టే నడుస్తుంది.

సికింద్రాబాదులో ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియో నడిచిన 19వ శతాబ్దం చివరి రోజులు తీసుకో. అప్పట్లో కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ప్రింట్లు వేసేవాళ్ళు. వాటిలో నలుపు ఊదా కలిసిన గోధుమరంగులో ఉంటుంది, తెలుపు పసుపుబారుతుంది. అంతకంటే ముఖ్యం, ఫిల్మ్‌కి బదులు ఆనాడు కెమెరాలో వాడిన గాజు పలకలు నీలం వెలుతురునే బాగా పట్టుకునేవి. ఎరుపు వాటికి దాదాపు అందేదే కాదు. కాబట్టి కుంకుమ, మిరపకాయలు నల్లగా పడతాయి, ఇత్తడి కూడా మన కంటికి కనిపించేదానికంటే ముదురుగా వస్తుంది. నువ్వు లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ యాప్‌లో ఫోటోని బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి, రంగుల మిక్స్‌లో ఎరుపు, ఆరెంజ్, పసుపు బాగా తగ్గించు, నీలం పెంచు. ఇంకేమీ చేయకముందే ఆ భరిణె చూడు, ఎంత మారిపోతుందో! చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా సెపియా, అంటే గోధుమరంగు ఛాయ, వేస్తారు. అందుకే వాళ్ళ ఫోటోలు ఇవాళ తీసి గోధుమరంగు పూసినట్టే ఉంటాయి.

సెపియా గురించి కూడా ఒక మాట. ఫోటోలు కడిగే చీకటిగదిలో, అదే డార్క్‌రూమ్‌లో, ముందు ప్రింటుని బ్లీచ్ చేసి, తర్వాత రంగు మార్చే టోనర్ ద్రావణంలో వేసేవాళ్ళం. ప్రింటులోని వెండి కాస్తా సిల్వర్ సల్ఫైడ్‌గా మారేది. బ్లీచ్ ముందు లేత భాగాలను పట్టుకుంటుంది, చిక్కటి నీడలు చివర్లో మారతాయి. మధ్యలో తీసేస్తే నీడలు నల్లగానే ఉండి, లేత చోట్లు మాత్రం వెచ్చబడేవి. నాకు అన్నిటికంటే ఇష్టమైన టోన్ అది. లైట్‌రూమ్‌లో అది తేవాలంటే, కలర్ గ్రేడింగ్‌లో హైలైట్స్‌కి (లేత చోట్లకి), మిడ్‌టోన్స్‌కి (మధ్యరకం చోట్లకి) హ్యూ (రంగు) 40 దగ్గర పెట్టి, శాచురేషన్ (రంగు చిక్కదనం) 10, 15 మించనివ్వకు. షాడోస్ (నీడల) జోలికి వెళ్ళకు.

ఇక 1970లు, 80ల కలర్ ప్రింటు కావాలంటే దారి పూర్తిగా వేరు. అమ్మమ్మ ఆల్బంలో ఫోటోలు ఎందుకు ఎర్రబడ్డాయో ఎప్పుడైనా ఆలోచించావా? ఆ కాలపు ప్రింట్లు చీకట్లో దాచినా వాటిలోని సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు మిగతావాటికంటే ముందు పోయేది. సయాన్ పోతే ఎరుపు బయటపడుతుంది. అదీ చిక్కటి చోట్లే ఎక్కువ, ఎందుకంటే రంగు ఎక్కువ ఉన్నది అక్కడే కదా. అందుకని ఫోటో మొత్తానికి ఎర్ర టింట్ ఇవ్వకు, తెల్లటి గుడ్డ కూడా గులాబీరంగు అయిపోతుంది. వెలుగునీడల్ని సర్దే కర్వ్ అనే గీతల్లో ఎరుపుకి సంబంధించిన రెడ్ కర్వ్ తెరిచి ఎడమ వైపు కింది చివరను కొంచెం పైకి లేపు, కుడి చివరను అలాగే వదిలెయ్. తర్వాత బ్లూ కర్వ్ కుడి చివరను ఒక పిసరు దించితే కాగితం పసుపెక్కుతుంది.

ఏ కాలమైనా సరే, నలుపుని పూర్తి నలుపుగా ఉంచకు. ఏ రంగుదీ కాని మామూలు కర్వ్‌లో నలుపు చివరను 0 నుంచి 20కో 25కో లేపితే చాలు. అంతకు మించితే పాతదనం పోయి పొగపట్టినట్టుంటుంది.

ఫోన్ కెమెరాతో అసలు చిక్కు ఎక్కడంటే, అది తనంతట తానే నీడల్ని వెలిగించి అంచుల్ని పదును పెట్టేస్తుంది. పాత లెన్సుకి అంత పదును లేదు. ప్రో మోడ్‌లో రా ఫైలు (ఫోన్ మార్పులు చేయని ఫోటో) తియ్యి, అది కుదరకపోతే టెక్స్చర్, క్లారిటీ తగ్గించి అప్పుడు గ్రెయిన్ (పాత ఫిల్మ్‌లో కనిపించే సన్నటి రేణువులు) వెయ్యి. పదును తగ్గించకుండా గ్రెయిన్ వేస్తే ఫోటో మీద ఇసుక చల్లినట్టే. గ్రెయిన్ మరీ ఎక్కువ కూడా వద్దు. అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో 120 ఫిల్మ్ వేసి తీసిన చదరపు ఫోటోల్లో, చిన్న ప్రింటు వేస్తే గ్రెయిన్ కనపడీ కనపడనట్టుండేది. మూలలు మాత్రం మెత్తబడేవి. కాబట్టి చదరంగా క్రాప్ చేసి, విగ్నెట్ (మూలల్ని కాస్త నల్లబరచడం) చాలా తక్కువగా ఇవ్వు.

గీతలు, మడతలు, దుమ్ము ఉన్న రెడీమేడ్ లేయర్లు మాత్రం వాడొద్దు, నా మాట విను. ఆ రోజుల్లో ప్రింటు మీద దుమ్ము మచ్చ పడితే సన్నటి కుంచెతో కూర్చుని పూడ్చేవాళ్ళం. మంచి ప్రింటుకి గీత పడకూడదని అందరం తాపత్రయపడేవాళ్ళం.

రెండో ఫోటోలో చెంబు వెనకాల స్విచ్‌బోర్డు అంచు కనిపిస్తోంది, దాన్ని క్రాప్ చేసెయ్. ఒరిజినల్ ఫైలు మీద సేవ్ చేయకు, కాపీ మీదే పని చెయ్. మిరపకాయల ఫోటోని ఒకటి దీన్‌దయాళ్ కాలంలా, ఇంకొకటి అమ్మమ్మ ఆల్బంలా చేసి, ఒరిజినల్‌తో కలిపి పంపు. కర్వ్‌ల స్క్రీన్‌షాట్లు కూడా పెడితే ఎక్కడ తగ్గించాలో చెప్తాను.

మావయ్య