నాన్నగారి మీద అరిచేశానని బాధపడుతున్న మీకు

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న నాన్నగారిని రెండేళ్లుగా ఒక్కరే చూసుకుంటున్నారనీ, మొన్న ఆయన మీద అరిచేసి రాత్రంతా ఏడ్చారనీ రాశారు. ఇంకెన్నాళ్లు తట్టుకోగలనని అడిగారు. మా అమ్మను తెనాలిలో ఆరేళ్లు చూసుకున్నాను. నేనూ అరిచాను, ఒక్కసారి కాదు.

అమ్మ రోజూ మధ్యాహ్నం "మీ నాన్న ఇంకా భోజనానికి రాలేదేమే?" అని అడిగేది. నాన్న పోయి అప్పటికే తొమ్మిదేళ్లు. మొదట్లో నిజం చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ అది ఆమెకు కొత్త వార్తే, ప్రతిసారీ కుమిలి కుమిలి ఏడ్చేది. గంటకల్లా మళ్లీ అదే ప్రశ్న. ఒకరోజు వాదించే ఓపిక లేక "పొలానికి వెళ్లారు, ఆలస్యమవుతుందన్నారు" అన్నాను. "ఈ ఎండలో ఏం పొలమో" అని విసుక్కుని అన్నం తినేసింది. అబద్ధం చెప్పానని చాలా రోజులు మనసు పీకింది. ఇప్పుడా బాధ లేదు. ఆమెను సరిదిద్దడం మానేశాకే నాకు కాస్త ఓపిక మిగిలింది.

సాయంత్రాలు మరీ కష్టం. ఈ జబ్బున్న చాలామందికి పొద్దువాలే వేళ కంగారు పెరుగుతుంది. అమ్మ "మా ఇంటికి పోతాను" అంటూ గేటు పట్టుకుని నిలబడేది. ఐదింటికే లైట్లన్నీ వేసి, చిక్కుడుకాయలు ముందు పెట్టేదాన్ని. నా పేరు మర్చిపోయింది కానీ ఈనెలు తీయడం మర్చిపోలేదు.

ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో బాగా తేడా వస్తే మాత్రం జబ్బు ముదిరిందనుకుని ఊరుకోకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి. అమ్మ అలా రాత్రంతా కేకలు పెడితే మూత్ర పరీక్ష చేయించారు. ఇన్ఫెక్షన్. మందులు వాడాక వారంలో కుదుటపడింది.

మూడో ఏడు నాకే బీపీ వచ్చింది. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య "ఏమైనా కావాలంటే చెప్పు" అనేవాడు, "ఏం వద్దులే" అనేదాన్ని. "ప్రతి రెండో శనివారం వచ్చి రెండు రోజులు ఉండు" అని అడిగాక వచ్చాడు. మొదటిసారి అన్నం తినిపించలేక మూడుసార్లు ఫోన్ చేశాడు. నేను పిన్నివాళ్లింట్లో ఆ రెండు రోజులూ నిద్రపోయాను, అంతే.

అర్ధరాత్రి ఎవరితోనూ చెప్పుకోలేని టెన్షన్ వస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మొన్న మీరన్న మాట నాన్నగారికి గుర్తుండకపోవచ్చు. గొంతులో కోపం మాత్రం వాళ్లకు తెలుస్తుంది, ప్రేమా తెలుస్తుంది. కాసేపు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోండి. తర్వాత, బెంగళూరులో ఉన్నాడన్న మీ తమ్ముడికి ఫోన్ చేసి ఏ తేదీన రావాలో చెప్పండి.