రూపకం అంకెలోంచే పుట్టాలి

చిరంజీవి తమ్ముడికి,

అనంతపురం భూగర్భజలాల మీద నువ్వు పంపిన కథనం, గ్రాఫ్ రెండూ చూశాను. కథనం బాగుంది. చిక్కంతా గ్రాఫ్‌తోనే. నీళ్లు లోతుకు పోతుంటే నీ కడ్డీలు పైకి లేస్తున్నాయి! చదివేవాళ్లు ఆగి, మనసులోనే దాన్ని తలకిందులు చేసుకోవాల్సి వస్తోంది. అంత ఓపిక ఎవరికుంటుంది?

నేల గీతను పైన పెట్టు. కడ్డీలను అక్కణ్ణుంచి కిందికి దించు. భూగర్భజల శాఖ లెక్కలు ఎలాగూ నేలమట్టం నుంచి నీళ్లు ఎంత దిగువన ఉన్నాయనే చెబుతాయి. అంటే రూపకం, అంకెను బొమ్మగా చూపే పోలిక, ఆ లెక్కలోనే ఉంది, నువ్వు వెతికి తేనక్కర్లేదు. మేలో ఎంత కిందికి పోయాయి, వానలయ్యాక నవంబరులో ఎంత పైకొచ్చాయి, ఈ రెండూ పక్కపక్కన వేస్తే రైతు పడే టెన్షన్ చూడగానే అర్థమవుతుంది. మీటర్లతో పాటు అడుగులు కూడా రాయి. బోరు సంగతి ఊళ్లో ఎవరూ మీటర్లలో మాట్లాడుకోరు. 20 మీటర్లంటే సుమారు 66 అడుగులని నువ్వే చెప్పాలి. ఇంకో మాట, ఇది పరిశీలక బావుల్లో కొలిచిన నీటిమట్టం, రైతులు వేసే బోరు లోతు కాదు. ఆ ముక్క గ్రాఫ్ కిందే ఉండాలి.

కుండ బొమ్మలు, కన్నీటి చుక్కలు వద్దు. విలువ రెట్టింపైందని కుండను ఎత్తులో, వెడల్పులో రెట్టింపు చేస్తే కాగితం మీద అది నాలుగింతల చోటు ఆక్రమిస్తుంది. అందంగానే ఉంటుంది, కానీ అబద్ధం చెబుతుంది.

2011లో హాంకాంగ్ పత్రిక సౌత్ చైనా మార్నింగ్ పోస్ట్‌కు సైమన్ స్కార్ అనే గ్రాఫిక్ డిజైనర్ ఇరాక్ యుద్ధ మృతుల మీద ఒక గ్రాఫిక్ చేశాడు. ఎర్రటి కడ్డీలు పైనుంచి వేలాడుతూ నెత్తురు కారుతున్నట్టే ఉంటాయి. తర్వాత మరొకరు దాన్నే తిరగేసి, రంగు, శీర్షిక మార్చి చూపించారు. ఒక్క అంకె మారకుండానే అది మరణాలు తగ్గుముఖం పట్టాయనే వార్త అయిపోయింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూడు. రూపకం ఎంచుకున్నావంటే ఒక పక్షం తీసుకున్నట్టే. స్కార్ ప్రాణాలు పోయినవాళ్ల పక్షం తీసుకున్నాడు. నా దృష్టిలో అది సరైన పనే.

ఇక గ్రాఫ్‌లో మనిషి కనపడాలంటే ఏం చేయాలని అడిగావు. న్యూయార్క్‌లో జార్జియా లూపి, లండన్‌లో స్టెఫనీ పొసావెక్ అనే ఇద్దరు డిజైనర్లు ఏడాదిపాటు వారానికో పోస్టుకార్డు రాసుకున్నారు. గడియారం ఎన్నిసార్లు చూశాం, ఎవరెవరికి థాంక్స్ చెప్పాం లాంటి లెక్కలను చేత్తో బొమ్మలుగా గీసేవారు. వారం మారితే గుర్తులూ మారేవి. ఏ గుర్తుకు ఏది అర్థమో కార్డు వెనక రాసేవారు. ఆ వెనకవైపే నాకు ఎక్కువ ఇష్టం. రూపకం ఎంత కొత్తదైనా తాళంచెవి చదివేవాళ్ల చేతిలో పెట్టారు.

నువ్వు కూడా కంప్యూటర్ కాసేపు కట్టేసి ఒక్క రైతు ఇంటికి వెళ్లు. ఏ ఏడు ఏ బోరు వేశారు, ఎన్ని అడుగుల్లో నీళ్లు పడ్డాయి, ఏది ఎండింది, దేనికి అప్పు తెచ్చారు, అన్నీ అడుగు. ఎండిన బోరుకు ఖాళీ గీత, నీళ్లున్నదానికి నిండు గీత. అప్పు తెచ్చి వేసినదానికి నేల గీత మీద ఒక చుక్క పెట్టు. పేరు వేసే ముందు వాళ్ల అనుమతి తీసుకో. ఆ ఒక్క ఇంటి బొమ్మ ముందుండాలి, జిల్లా గ్రాఫ్ దాని తర్వాతే.

గీసింది శుభ్రంగా దిద్దకుండా అలాగే ఫొటో తీసి పంపు. స్కేలు మర్చిపోకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య