బాబాబుడన్ కొండకు పోయే ముందు

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. శనివారం తెల్లవారుజామున బెంగళూరులో బయల్దేరి, చిక్కమగళూరు దగ్గరి బాబాబుడన్ గిరి గుహ దర్గాకు పోయి, రాత్రికల్లా తిరిగి వచ్చేస్తామని చెప్పావట. ఆమె గొంతులో సంతోషం విని అప్పుడు నేనేమీ అనలేదు. అక్కడికని మొక్కి కట్టిన ముడుపు పసుపు గుడ్డలో పదేళ్ళుగా బీరువాలో ఉంది మరి. కానీ నీకు చెప్పకపోతే తప్పు నాదవుతుంది. ఆ ప్లాను మార్చు.

లెక్క చూడు. బెంగళూరు నుంచి చిక్కమగళూరుకు 245 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఐదు గంటలు వేసుకో. అక్కడి నుంచి గుహకు ఇంకో 30 కిలోమీటర్లు. వినడానికి తక్కువే, అంతా ఘాట్ మలుపులు. శని, ఆదివారాల్లో మీ బెంగళూరు కార్లన్నీ ఆ కొండ మీదే ఉంటాయి. ఇరుకు రోడ్డు, ఎదురుగా ఒక పెద్ద బండి వస్తే వెనకున్న ఇరవై కార్లూ ఆగాల్సిందే. ఇప్పుడు కొండెక్కే బండికి ముందే ఆన్‌లైన్‌లో టైము బుక్ చేసుకోవాలంటున్నారు, అది కూడా చూసుకో. ఇంత చేసి మీ అమ్మ గుహలో ఉండేది పది నిమిషాలు, కారులో ఉండేది పద్నాలుగు గంటలు. అరవై ఏళ్ళు దాటిన మోకాళ్ళు ఆమెవి.

ఒక సోమవారమో మంగళవారమో సెలవు పెట్టు. ముందురోజు సాయంత్రానికి చిక్కమగళూరు చేరి టౌన్లోనే పడుకోండి. పొద్దున ఆరింటికి కొండ ఎక్కితే, తొమ్మిదికల్లా మీ పని అయిపోయి అక్కి రొట్టె తింటూ ఉంటారు. ఇంకో మాట. ఆమెను అనంతపురం నుంచి బెంగళూరుకు రప్పించి, మళ్ళీ అటు తిప్పడం ఎందుకు? నువ్వే ఇక్కడికి రా. కళ్యాణదుర్గం, చళ్ళకెరె, చిత్రదుర్గం, హొసదుర్గ, కడూరు. ఆ దారిలో ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. కడూరు నుంచి చిక్కమగళూరు 40 కిలోమీటర్లే.

ఎప్పుడు పోవాలనేది ఇంకా ముఖ్యం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మర్చిపో. ఆ వాన ఎలా ఉంటుందో అనంతపురం వాళ్ళకు చెప్పినా అర్థం కాదు. మొదటిసారి నేను పోయింది జూలైలోనే. టీ అంగడి ఒక వారం మూసి, పంచె, హవాయి చెప్పులు, చేతిసంచి, అంతే. మన ఊళ్ళో ఆ నెలలో మబ్బు కనిపిస్తే జనం బయటికొచ్చి చూస్తారు కదా, అదే లెక్కలో పోయాను. కొండ మీద వాన పైనుంచి పడదు అల్లుడూ, పక్క నుంచి కొడుతుంది. గొడుగు తిరగబడి పుల్లలు మిగిలాయి. పది అడుగుల అవతల మనిషి కనిపించడు. మెట్ల దగ్గర చెప్పు జారి కూలబడ్డాను. ఎవరో ముసలాయన, పేరు కూడా అడగలేదు, తన నెత్తిమీది గోనెసంచి తీసి నా తలమీద కప్పి, "నిధాన, నిధాన" (మెల్లగా, మెల్లగా) అని కన్నడంలో అంటూ చెయ్యి పట్టి నడిపించాడు. ఆ గోనెకు కాఫీ పళ్ళ పులుపు వాసన. గుహ తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ వాసనే.

హోలీ మరుసటి రోజు నుంచి మూడు రోజులు ఉరుసు. చూడదగ్గదే, కానీ అమ్మతో వద్దు. డిసెంబరులో దత్త జయంతి. ఆ రోజుల్లో కొండంతా పోలీసులే, టూరిస్టులను పైకి రానివ్వరు. అంతకు ముందు దత్తమాల వేసుకున్నవాళ్ళు వచ్చే రోజులు కూడా ఉంటాయి. తేదీలు కనుక్కునే బయల్దేరు. నన్నడిగితే జనవరి, ఫిబ్రవరి. పొద్దున చలి, పది దాటితే ఎండ, దారి పొడి.

నువ్వు ఫోన్లో చూసి "కాఫీ బాబా గుహ" అన్నావట మీ అమ్మతో. సగం నిజం. అక్కడ రెండు పేర్లు వినిపిస్తాయి. దాదా హయాత్ మీర్ ఖలందర్ అనే పాతకాలపు వలీ, అంటే సూఫీ మహాత్ముడి గుహ అది. బాబా బుడన్ ఆ తర్వాతి మనిషి, 17వ శతాబ్దం వాడు. హజ్‌కు పోయి తిరిగొస్తూ యెమెన్‌లోని మోఖా రేవు దగ్గర ఏడు కాఫీ గింజలు సంపాదించి దాచుకుని తెచ్చాడంటారు. అరబ్బులు మొలకెత్తే గింజను బయటికి పోనిచ్చేవాళ్ళు కాదు, వేయించో ఉడకబెట్టో పంపేవాళ్ళు. ఆయన వాటిని నడుముకు కట్టుకున్నాడని ఒకరు, గడ్డంలో దాచాడని ఒకరు చెబుతారు. 1670 ప్రాంతంలో ఈ కొండల మీద నాటాడట. ఇద్దరూ ఒకరేనని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ముప్పై ఏళ్ళు టీ అమ్మి, కాఫీ అడిగినవాడికి రెండు రూపాయలు ఎక్కువ తీసుకున్న నాకు, ఆయన ముందు నిలబడితే కొంచెం సిగ్గేసింది.

హిందువులకు అది దత్తాత్రేయుడి పీఠం. సర్కారు కాగితాల్లో దాని పేరే "శ్రీ గురు దత్తాత్రేయ బాబాబుడన్ స్వామి దర్గా". ఆ పేరు మన చెవికి కొత్తగా ఉండదు. గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల గుండం చుట్టూ ఎవరెవరు నిలబడతారో, మలీద ఎవరెవరు పంచుతారో నువ్వు చిన్నప్పటి నుంచి చూసినవాడివి. పెనుకొండ బాబయ్య దర్గాలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు ఎంతమంది? కానీ ఆ లెక్క పట్టుకుని అక్కడ నోరు విప్పొద్దు. ఆ కొండ ఎవరిదనే తగాదా 1970ల నుంచి కోర్టుల్లో నలుగుతూ ఉంది. లోపల ఎవరు దీపం పెట్టాలి, ఎవరు తీర్థం ఇవ్వాలి అన్నదాని మీద కూడా ఆర్డర్లు వచ్చాయి, మారాయి. ఎవరో ఒకరు వరుసలో నిన్ను కదిలిస్తారు. నన్నూ ఒకాయన అడిగాడు, "మీరు హిందువులా, ముస్లిములా?" అని. మన దూదేకుల పేర్లు వింటే ఎవరికీ ఏదీ తేలదు కదా. "అనంతపురం" అన్నాను. ఆయన నవ్వి, "అక్కడ వానలు పడ్డాయా?" అన్నాడు. ఇక గుహ దాకా వేరుశనగ రేటు గురించే మాట్లాడుకున్నాం. నువ్వు ఫోన్ తీసి దీని మీద స్టేటస్ పెట్టడం, కామెంటు చెయ్యడం ఏదీ చెయ్యకు. లోపల ఫోటోలు ఎలాగూ తియ్యనివ్వరు.

గుహ గురించి. చెప్పులు బయటే వదలాలి, కాబట్టి అమ్మకు మందపాటి సాక్సులు తీసుకుపో. నేల తడిగా, చల్లగా ఉంటుంది. పాత సాక్సులు అయితే మేలు, ఎర్రమన్ను అంటితే ఇక పోదు. నాలుగు మెట్లు దిగగానే పైకప్పు తల మీదికి వస్తుంది. నీలాంటి పొడుగువాడు వంగాల్సిందే. బయటి వెలుతురు నుంచి వచ్చిన కళ్ళకు ఒక్క నిమిషం ఏమీ కనిపించదు. ఆ నిమిషం ఆగు, అమ్మ మోచెయ్యి పట్టుకుని ఆగు. వెనకవాళ్ళు తొందరపెడితే పెట్టనీ. తర్వాత ఒక్కొక్కటే తేలుతుంది. ముందు దీపం, తర్వాత పాదుకల మీది పూలు, తర్వాత రాతి గోడ మీది తడి మెరుపు. పైనుంచి ఒక నీటిచుక్క మెడ వెనక పడుతుంది. మొదటిసారి ఉలిక్కిపడ్డాను. రెండోసారి దాని కోసమే చూశాను.

తీర్థం అరచేతిలో పోస్తే తాగి, మిగిలిన తడిని తలకు రాసుకుని పక్కకు జరగండి. నా ముందు ఒక బురఖా ఆమె చెయ్యి పట్టింది, ఆమె భుజం పక్క నుంచి పెద్ద కుంకుమ బొట్టు ఆమె చెయ్యి చాపింది. పోసే ఆయన చెంబు దించకుండా ఒకే ధారలో ఇద్దరికీ పోశాడు. ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు పద్ధతి ఎలా ఉంటే అలా నడుచుకోండి.

ముడుపు సంగతి. ఆ పసుపు మూట విప్పి ఎవరి చేతిలోనూ పెట్టొద్దు, అమ్మ చేత్తోనే హుండీలో వేయించు. చక్కెర చదివింపులు, అంటే చక్కెర మీద ప్రార్థన చదివించడం, చేయించాలని ఆమె పట్టుబడుతుంది, నాకు తెలుసు. చక్కెర పొట్లం ఒకటి కట్టుకుపోండి, అక్కడ అడగండి. ఒప్పుకుంటే సరే, లేదంటే తిరిగొచ్చాక పెనుకొండకు పోయి బాబయ్య దగ్గర చదివించుకుంటే పోయిందేమీ లేదు. కందూరి మాత్రం ఎత్తనివ్వకు. యాట కొయ్యాలనుంటే మన ఊళ్ళో కోసి నలుగురికి పెట్టుకుందాం.

డబ్బు విషయంలో కాస్త జాగ్రత్త. ఒకసారి జీపువాడొకడు "స్పెషల్ దర్శనం" అని చెప్పి నా దగ్గర మూడొందలు గుంజాడు. లోపలికి పోయి చూస్తే అందరూ నిలబడ్డ వరుసే, నా వెనక వాడు కూడా నిలబడ్డాడు. అడిగితే, "నేను తోడుగా వచ్చాను కదా, అదే స్పెషల్" అన్నాడు. జవాబు నచ్చి ఊరుకున్నాను.

గుహ దాటి కొంత దూరం పోతే మాణిక్యధార. సన్నటి జలపాతం, దిగడానికి మెట్లు చాలా. అమ్మను దింపకు. దిగితే ఎక్కాలి కదా. నువ్వు పోయి ఒక సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి ఆమె ముఖం కడుక్కోనివ్వు. అక్కడ స్నానం చేసి కట్టుబట్ట వదిలి వచ్చే అలవాటు ఒకటి ఉంది, పీడ పోతుందని. ఒకసారి ఆ గుట్ట చూశాను. చీరలు, బనియన్లు, చిన్నపిల్లల గౌన్లు నీళ్ళలో కుళ్ళి, రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. మన పీడ తెచ్చి వాళ్ళ వాగులో పడెయ్యడం ఏ వలీ చెప్పాడో నాకు తెలియదు. మీ అమ్మ పాత చీర ఒకటి సంచిలో పెట్టుకుని ఉంటుంది, ఇంట్లోనే తీసి పక్కన పెట్టు. గొడవ చేస్తే నా పేరు చెప్పు.

తిరుగు దారిలో ముళ్ళయ్యనగిరి బోర్డు కనిపిస్తుంది. 1930 మీటర్లు, కర్ణాటకలో అన్నిటికన్నా ఎత్తు. ఓపిక ఉంటే చూసుకో, నాకు దాని గురించి చెప్పేంత లేదు.

మిగతావి చిన్నవే. కొండ ఎక్కేముందు టౌన్లోనే పెట్రోలు కొట్టించు. పైన ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, దారి ముందే ఎక్కించి పెట్టుకో. అమ్మ బీపీ మాత్ర పొద్దున తప్పించొద్దు, కానీ ఖాళీ కడుపుతో ఘాట్ ఎక్కించొద్దు. రెండు ఇడ్లీలు చాలు, చేతిలో ఒక నిమ్మకాయ పెట్టు, ముందు సీటులో కూర్చోబెట్టు. స్వెట్టర్ వద్దంటుంది, వినకు. అనంతపురంలో కొన్నది కాబట్టి దాన్ని ఆమె ఎప్పుడూ తొడగలేదు, కొత్తగానే ఉంటుంది.

గుహలోంచి బయటికి వచ్చాక వెంటనే కారెక్కించకు. బయట ఎక్కడో ఒక చోట అరగంట కూర్చోబెట్టు. ఏమీ మాట్లాడించొద్దు. పదేళ్ళ కింద ఆ ముడుపు ఎందుకు కట్టిందో నీకు తెలియదు, నాకూ పూర్తిగా చెప్పలేదు. చెప్పాలనిపిస్తే అక్కడ చెబుతుంది.

నాకేం తేవాలని అడుగుతావు కాబట్టి ముందే రాస్తున్నా. చిక్కమగళూరులో మర పట్టే అంగడికి పోయి, గింజలు నీ కళ్ళముందే వేయించి పట్టించు. అరకిలో చాలు. చికోరీ కలపొద్దని ముందే చెప్పు, చెప్పకపోతే కలిపేస్తారు. మీ అత్తకు మాత్రం కలిపింది పావుకిలో వేరే పొట్లం కట్టించు, ఆమెకు ఆ చేదే ఇష్టం.

మామ