వాట్సాప్ గ్రూపులో చెప్పిన మందు పైరుకు కొట్టొచ్చా?

అనంతపురం జిల్లాలో ఉన్న మీ నాన్నగారు ఫోన్లో చూసి పైరుకు మందులు కొడుతున్నారని, ఆ సలహాలను ఎంతవరకు నమ్మొచ్చని మీరు అడిగారు. మాది కళ్యాణదుర్గం వైపు. బోరు కింద మూడెకరాల వేరుశనగ, కొంచెం చీనీ (బత్తాయి) తోట ఉంది. నేను నాలుగు గ్రూపుల్లో ఉన్నాను, యూట్యూబ్ కూడా బాగానే చూస్తాను. ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి చెబుతున్నా.

మూడేళ్ళ కిందట రబీలో శనక్కాయ నెల పైరుగా ఉండగా ఒక మడంతా పసుపు తిరిగింది. ఒక ఆకు తెంపి, అరచేతిలో పెట్టి ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో డజను జవాబులు. ఒకరు వైరస్ అన్నారు, ఇంకొకరు యూరియా చల్లమన్నారు. ఒకాయన ఏకంగా రెండు డబ్బాల ఫోటో పెట్టి, కలిపి కొట్టమన్నాడు. 2000లో కాండం కుళ్ళు వైరస్ మా జిల్లాలో శనక్కాయను ఎట్లా తుడిచిపెట్టిందో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు, వైరస్ అంటే మాకు అంత భయం. ఆ టెన్షన్‌లో రెండు డబ్బాలూ తెచ్చి కొట్టేశాను. కూలీతో కలిపి రెండు వేలు దాటింది. మడి మాత్రం అట్లే ఉంది.

వారం తర్వాత ఇంకో గ్రూపులో అడిగితే, ఒక పెద్దాయన మందు పేరు ఎత్తకుండా ఎదురు ప్రశ్నలు వేశాడు. పసుపు లేత ఆకుల్లోనా, ముదురు ఆకుల్లోనా? ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయా? నేలలో సుద్ద ఉందా? లేత ఆకులే, ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయి, సుద్ద ఉన్న మడే అన్నాను. ఇనుము అందడం లేదు, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టు, ముందు మీ ఊరి వ్యవసాయ సహాయకుడికి చూపించు అన్నాడు. చూపిస్తే ఆయనా అదే చెప్పాడు. ఆకు రంగు తిరిగింది గానీ, ఆలస్యమైంది కదా, కాయ పక్క మడి అంత రాలేదు.

అప్పటినుంచి అడగకముందే మందు పేరు చెప్పేవాళ్ళ మాట పక్కన పెడతాను. నేను అడిగేటప్పుడూ వేళ్ళతో సహా మొక్క, ఆకు అడుగుభాగం, మడి మొత్తం, మూడు ఫోటోలు పెడతాను. విత్తి ఎన్ని రోజులైంది, చివరిసారి ఏం కొట్టాను అనేవి కూడా రాస్తాను.

యూట్యూబ్‌లో ఇంకో చిక్కు ఉంది. "ట్యాంకుకు ఇంత" అంటారు. వాళ్ళది 20 లీటర్ల ట్యాంకు, మనది 16 అయితే మందు ఎక్కువైనట్టే. లీటరుకు ఎంతో లెక్కేసుకోవాలి. డెల్టా నల్లరేగడిలో తీసిన వీడియోను మన ఎర్రనేలకు అట్లే దించుకోకూడదు.

చీనీ రేట్లకు గ్రూపులు పనికొస్తాయి, కానీ అందరూ పెట్టేది ఆ రోజు టాప్ రేటే. సూటు (మార్కెట్లో తూకంలో కోసే తరుగు) పోగా చేతికెంత వచ్చిందో అమ్మినవాళ్ళకే ఫోన్ చేసి కనుక్కుంటాను. కదిరి లేపాక్షి రకం శనక్కాయ విత్తనం ఎవరి దగ్గర ఉంది లాంటి కబుర్లకైతే గ్రూపును మించింది లేదు.

మీ నాన్నగారిని ఫోన్ చూడొద్దనకండి. డబ్బా కొనేముందు కిసాన్ కాల్ సెంటర్‌కు, 1800-180-1551కి ఒక్క ఫోన్ చేయించండి. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. ఏ రోజు ఏం కొట్టారో, ఎవరు చెప్పారో రాసుకోమనండి. మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీదే రాస్తాం.