మాస్టారి మైదానం: గోనెసంచుల మిల్లు చాంపియన్లు

(పర్లాకిమిడిలో స్థిరపడ్డ ఒక రిటైర్డ్ డ్రిల్ మాస్టారు, ఆటల మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు ఇచ్చే జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారు నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. మెక్సికోలో మొట్టమొదటి ఫుట్‌బాల్ లీగ్ గెలిచింది ఒక జూట్ మిల్లు జట్టని ఈమధ్య చదివి ఆయనకు చెప్పాను. "షిఫ్ట్ దిగి వచ్చినోడికి కాళ్లు చాపుకుని పడుకునే ఓపికే ఉండదు, బంతేం ఆడతాడురా" అని కొట్టిపారేశారు. మా ఇద్దరిలో ఎవరు కరెక్టు?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఇద్దరూ కరెక్టే బాబూ. ఎలాగంటే కాస్త పెద్ద కథ.

ఆ క్లబ్ పేరు ఒరిసాబా అథ్లెటిక్ క్లబ్. ఒరిసాబా అన్నది మెక్సికోకి తూర్పున, వెరాక్రూజ్ రాష్ట్రంలో ఉన్న ఊరు. పక్కనే ఆ దేశంలోకెల్లా ఎత్తయిన కొండ ఉంది, 5,636 మీటర్లు. కొండల మీంచి దిగే ఏళ్లలో నీటికి కొదవ లేదు. 1873లో వెరాక్రూజ్ రేవు నుంచి రాజధాని మెక్సికో సిటీకి వేసిన రైలు మార్గం ఆ ఊరి మీదుగానే పోయింది. నీళ్లూ రైలూ రెండూ ఉన్నచోట మిల్లులు రాకుండా ఉంటాయా? బట్టల మిల్లులు వరసగా లేచాయి. వాటితోపాటు శాంతా హెర్త్రూదిస్ అని ఒక జూట్ మిల్లు కూడా. కాఫీకి, పంచదారకి, ధాన్యానికి గోనెసంచులు కావాలి కదా.

ఇక్కడే మన ప్రాంతపు వాసన తగులుతుంది. ఆ రోజుల్లో జూట్ యంత్రాలన్నా, వాటిని నడిపించే నేర్పన్నా స్కాట్లండ్‌లోని డండీ పట్నానిదే పేరు. కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున లేచిన మిల్లులకు మేనేజర్లు, ఫోర్‌మెన్లు అక్కణ్ణుంచే దిగేవారు. ప్రపంచంలో ఎక్కడ జూట్ మిల్లు తిరిగినా దాదాపు ఆ నార అంతా బెంగాల్ పొలాలదే. మనవైపు గోగునార బిమ్లీపట్నం రేవులో ఓడలెక్కేది. గోగుకట్టలు చెరువులో ఊరబెట్టినప్పుడు ఊరంతా లేచే కంపు మీ నాన్నగారికి నేను గుర్తు చేయక్కర్లేదు.

అలా స్కాట్లండ్ నుంచి ఒరిసాబా మిల్లుకు వచ్చినవాళ్లలో డంకన్ మకోమిష్ అని ఒకాయన ఉన్నాడు. ఆయనా తోటి స్కాట్‌లూ కలిసి 1898లో క్లబ్ పెట్టారు. పేరులో అథ్లెటిక్ అని తగిలించడం అప్పటి బ్రిటిష్ వాళ్ల అలవాటు. ఏ కాలానికి ఏ ఆట కుదిరితే ఆ ఆట ఆడుకోవచ్చు, ఫుట్‌బాల్ ఒక్కటే అని కట్టుబడక్కర్లేదు.

1902లో లీగ్ మొదలైంది. దాని పేరులోనే అమెచ్యూర్ అని ఉంది. అంటే ఆడినందుకు ఎవరికీ పైసా ముట్టదు. జట్లు ఐదే. మూడు మెక్సికో సిటీవి: రిఫార్మా అథ్లెటిక్ క్లబ్, బ్రిటిష్ క్లబ్, మెక్సికో క్రికెట్ క్లబ్. (క్రికెట్ క్లబ్ ఫుట్‌బాల్ లీగులో ఏం చేస్తోందని అడక్కండి, ఇందాకే చెప్పాను.) నాలుగోది వెండి గనుల పట్నం పాచుకాది. ఐదోది మన జూట్ మిల్లు వాళ్లది. 1902–03 సీజన్ ముగిసేసరికి పట్టికలో పైన నిలిచింది ఒరిసాబా. ఆ దేశపు లీగ్ చరిత్రలో మొదటి చాంపియన్ పేరు అదే, దాన్ని ఇక ఎవరూ మార్చలేరు. కాబట్టి మీరు చదివింది నిజం.

మరి మీ నాన్నగారి మాట? బంతి ఆడింది మిల్లు వాళ్లే గాని మగ్గం దగ్గర నిలబడ్డవాళ్లు కాదు. స్టాఫ్. జీతం నెలకింత అని ఖాయంగా అందేవాళ్లు, శనివారం సాయంత్రం చేతిలో ఉన్నవాళ్లు, ఇంటికి వెళితే వండి పెట్టే మనిషి ఉన్నవాళ్లు. అదే లోయలోని బట్టల మిల్లుల్లో మెక్సికన్ కూలీలు రోజుకి పన్నెండు గంటలకు మించి పనిచేసేవారు. పక్కనే ఉన్న రియో బ్లాంకోలో పరిస్థితి ముదిరి ముదిరి 1907 జనవరి 7న కార్మికులు తిరగబడితే సైన్యాన్ని దింపి కాల్చారు. చాలామంది చనిపోయారు. మెక్సికో విప్లవం గురించి రాసిన ఏ పుస్తకం తెరిచినా ముందు పేజీల్లోనే ఈ సంగతి ఉంటుంది. ఒరిసాబా వాళ్లు లీగ్ గెలిచిన నాలుగేళ్లకే ఇది జరిగింది. అమెచ్యూర్ ఆటను "డబ్బు కోసం కాదు, ప్రేమ కోసం ఆడిన రోజులు" అని గొప్పగా రాసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. డబ్బు తీసుకోకుండా ఆడాలంటే ముందు డబ్బు ఉండాలి. డ్రిల్ మాస్టారుగా ఉన్నన్నాళ్లూ నేను చూసింది ఇదే. వరి కోతలొస్తే మా బడి జట్టులో సగం మంది గ్రౌండుకి వచ్చేవారు కాదు. వాళ్లకి ఆటంటే ప్రేమ లేక కాదు.

ఇంకో సంగతి. చాంపియన్ అయిన ఒరిసాబా లీగులో ఎక్కువ కాలం నిలవలేదు. ఒకటి రెండేళ్లలోనే ఆ పేరు పట్టిక నుంచి పోయింది. మ్యాపు చూస్తే మీకే అర్థమవుతుంది. ప్రత్యర్థుల్లో ముగ్గురు రాజధానిలో ఉన్నారు. ఒరిసాబా నుంచి అక్కడికి రైలు మీద దాదాపు 290 కిలోమీటర్లు, అందులో ఘాట్ ఎక్కాలి. ఆ ఎక్కుడుకి మామూలు ఇంజను చాలక, రెండు వైపులా పొగగొట్టాలున్న ఫెయిర్లీ ఇంజన్లు తెప్పించారు. పన్నెండు వందల మీటర్ల ఎత్తున్న ఊరివాళ్లు వెళ్లి 2,240 మీటర్ల ఎత్తులో ఆడాలి. నౌపడా చిన్న రైలు మీద పర్లాకిమిడి వచ్చి మ్యాచ్ ఆడి వెళ్లిన పాతతరం వాళ్లని అడగండి, ప్రయాణం ఎంత ఆటని తినేస్తుందో చెబుతారు. పైగా స్టాఫ్ జట్టు కదా. ఇద్దరికి ట్రాన్స్‌ఫరైతే, ఒకడు పెళ్లి చేసుకుని స్వదేశం వెళ్లిపోతే, పదకొండు మందికి కరువు. వాళ్ల స్థానంలో ఊరి కుర్రాళ్లని తీసుకుని ఆడిద్దామన్న ఆలోచన ఆ తొలి రోజుల్లో వాళ్లకి వచ్చినట్టు కనబడదు.

ఊరు మాత్రం ఆట వదల్లేదు. 1916లో ఆదో అని పొట్టిగా పిలిచే స్థానిక క్లబ్ పుట్టింది. తర్వాత అక్కడి బీరు కంపెనీ పేరుతోనే మొక్తెజుమా అని ఇంకో జట్టు పైకొచ్చింది. 1943లో మెక్సికోలో జీతాల లీగ్ మొదలైనప్పుడు ఉన్నవి పది జట్లు. అందులో రెండు ఈ ఒక్క ఊరివే. మీ నాన్నగారికి నా నమస్కారాలతో ఈ చివరి సంగతి తప్పక చెప్పండి.

ప్రశ్న: మాస్టారు గారూ, మెక్సికోలో మొదటి క్లబ్బులన్నీ తెల్లవాళ్లవే అంటారు. మరి అక్కడి సొంత మనుషులు ఎప్పుడు ఆడటం మొదలుపెట్టారు? మనకి మోహన్ బగాన్ ఉన్నట్టు వాళ్లకీ ఒకటుందా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: సరిగ్గా మోహన్ బగాన్ లాంటిది లేదమ్మా. మనకి ఈ ఆట ముఖ్యంగా సైన్యం వెంట వచ్చింది. 1911లో ఐఎఫ్ఏ షీల్డ్ అనే కప్పు పోటీ ఫైనల్లో కలకత్తా క్లబ్ మోహన్ బగాన్, ఒక్కరు తప్ప అందరూ ఒట్టికాళ్లతో ఆడి ఓడించింది ఒక ఇంగ్లిష్ రెజిమెంట్‌ని, అందుకే అది దేశం గెలుపయింది. మెక్సికో అప్పటికే స్వతంత్ర దేశం. అక్కడ ఆట తెచ్చింది గనులవాళ్లూ మిల్లులవాళ్లూ. ఎదురుగా పరాయి పాలకుడంటూ లేనప్పుడు ఓడించాలన్న పట్టుదల కూడా వేరే రకంగా ఉంటుంది.

మీ ప్రశ్నకి మంచి జవాబు పాచుకాలో దొరుకుతుంది. అక్కడి వెండి గనుల్లో నీళ్లు నిండిపోతే తోడటానికి 1820ల్లో ఇంగ్లండ్‌కి నైరుతి మూలనున్న కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్లు ఆవిరి యంత్రాలతో వచ్చారు. వెరాక్రూజ్ తీరంలో దిగగానే ఎల్లో ఫీవర్ పట్టుకుని చాలామంది అక్కడే పోయారు. మిగిలినవాళ్లు ఆ యంత్రాలను కొండలపైకి చేర్చేసరికి ఏడాది దాకా పట్టింది. తీసుకొచ్చిన కంపెనీ పాతికేళ్లలో దివాలా తీసినా మనుషులు ఉండిపోయారు. పాచుకా పక్కన రియల్ దెల్ మాంటె అనే గనుల ఊళ్లో వాళ్ల సమాధుల తోట ఇప్పటికీ ఉంది. వాళ్ల తిండి కూడా ఉంది. బంగాళాదుంప, మాంసం, ఉల్లి పెట్టి, మన కజ్జికాయలా అంచు మెలిపెట్టి కాల్చే పాస్టె. ఇప్పుడు అందులో మిరపకాయ కూరి మెక్సికో వంటకం అంటున్నారు. కార్న్‌వాల్ వాళ్లు నోట పెడితే కళ్లనీళ్లు ఖాయం.

ఆటకి కూడా అదే జరిగింది. అంతా కార్న్‌వాల్ వాళ్లతో మొదలైన పాచుకా అథ్లెటిక్ క్లబ్, 1904–05లో లీగ్ గెలిచింది. బ్రిటిష్ రాయబారి రెజినాల్డ్ టవర్ పేరు మీద 1907–08లో పెట్టిన కప్పు పోటీలో మొదటి విజేత కూడా అదే. ఆ దశాబ్దం ముగిసే నాటికి జట్టులో మెక్సికన్ పేర్లు కనబడసాగాయి. కార్న్‌వాల్ వాళ్లు గనిలోకి దిగి పనిచేసినవాళ్లు, పక్కన ఎవరు పనిచేస్తున్నారో వాళ్లకి తెలుసు. ఒరిసాబా స్టాఫ్‌కీ వీళ్లకీ నాకు కనబడే తేడా అదే. 1914లో యుద్ధం వచ్చి బ్రిటిష్ కుర్రాళ్లు చాలామంది సైన్యంలో చేరడానికి వెళ్లిపోయాక కూడా పాచుకా 1917–18లో, 1919–20లో చాంపియన్ అయింది. ఆ తర్వాత అదీ చెదిరిపోయింది, ఆటగాళ్లు రాజధాని క్లబ్బులకు వెళ్లారు. ఇప్పుడున్న పాచుకా జట్టు చాలా ఏళ్ల తర్వాత మళ్లీ నిలబెట్టింది.

మరోవైపు గ్వాదలహారాలో 1906లో ఎడ్గార్ ఎవెరార్ట్ అనే బెల్జియం ఆయన, మెక్సికన్లనీ ఫ్రెంచి వాళ్లనీ కలుపుకుని ఉనియన్ అని క్లబ్ పెట్టాడు. రెండేళ్లకి దాని పేరు గ్వాదలహారాగా మారింది. మెక్సికన్లని తప్ప వేరేవాళ్లని ఆడించం అని తర్వాత పట్టుబట్టింది ఈ క్లబ్బే. పెట్టింది విదేశీయుడని గుర్తుంచుకుంటే ఇది ఇంకా బాగుంటుంది. 1916లో రాజధాని కుర్రాళ్లు పెట్టుకున్న క్లబ్ అమెరికా. మీరు మోహన్ బగాన్ కోసం వెతుకుతుంటే ఈ రెండింటి దగ్గర ఆగొచ్చు.

ప్రశ్న: మాస్టారూ, మాది మెళియాపుట్టి దగ్గర పల్లె. మా ఊరి ఫుట్‌బాల్ టీముకి కొత్త జెర్సీలు కుట్టిస్తున్నాం. వెనకాల "స్థాపితం" అని సంవత్సరం వేద్దామంటే పెద్దలు తగువు పడుతున్నారు. ఒకాయన తాము మొదట ఆడిన సంవత్సరం వేయమంటాడు, ఇంకొకాయన పేరు పెట్టి సంఘం కట్టిన సంవత్సరం అంటాడు. టెన్షన్ అయిపోతోంది. ఏది వేయాలి?
– ఒక కుర్రాడు

జవాబు: ఈ తగువు మీ ఊరితో మొదలు కాలేదు నాయనా. పాచుకాలోనే చూడు. గనివాళ్లు ఫుట్‌బాల్ జట్టు కట్టింది 1892లో అంటారు. 1895లో అక్కడి క్రికెట్ క్లబ్బులతో కలిసి అథ్లెటిక్ క్లబ్ అయింది. కానీ క్లబ్ పుట్టింది 1901లో అనే లెక్క కూడా ఉంది. ఒకే జట్టుకి మూడు పుట్టినరోజులు. "దేశంలో మొదటి ఫుట్‌బాల్ ఎక్కడ?" అన్న పోటీలో అయితే పాచుకా, రియల్ దెల్ మాంటె, ఒరిసాబా ముగ్గురూ ఎవరి జెండా వారు పట్టుకున్నారు. నన్నడిగితే క్లబ్బుగా పాచుకా పెద్దది, చాంపియన్‌గా ఒరిసాబా మొదటిది, అంతటితో ఆపేయొచ్చు.

మీకు నా సలహా: జెర్సీ మీద సంఘం కట్టిన సంవత్సరమే వెయ్యి. ఎందుకంటే దానికి కాగితం ఉంటుంది. మొదట ఆడిన సంవత్సరం చెప్పే పెద్దాయన్ని కించపరచకు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, ఆయన్ని కూర్చోబెట్టి, బంతి ఎవరు తెచ్చారు, ఏ చేనులో ఆడారు, గోల్ పోస్టులకి ఏం పాతారు, గొడవైన మ్యాచ్ ఏది, అన్నీ రాయించు. కింద ఆయన చేత సంతకం పెట్టించు. పాత ఫొటో ఉంటే వెనకవైపు పెన్సిల్‌తో పేర్లు రాసిపెట్టు, పెన్నుతో రాస్తే ముందుకి దిగుతుంది. చందాల లెక్క మాత్రం వేరే పుస్తకంలో పెట్టండి. ఆ రెండూ ఒకే పుస్తకంలో ఉంటే తర్వాత ఎవరో ఒకరు చింపేస్తారు.

జెర్సీలు వచ్చాక పర్లాకిమిడి రండి, మా బడి పాత విద్యార్థులతో ఒక మ్యాచ్ పెడదాం. బంతి మీరే తెచ్చుకోండి.