తీరం వెంట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: జనవరి చివర్లో కుటుంబంతో విశాఖ వస్తున్నాం. విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు ఒక్క పూటలో చూడగలమా? మా అబ్బాయికి గాలం వేయాలని, అమ్మాయికి తాబేళ్ళను చూడాలని ఉంది. ఎక్కడెక్కడ ఆగాలి? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చూడగలరమ్మా, కానీ అందరిలా విశాఖలో మొదలుపెట్టకండి. చీకటితోనే కారులో భీమిలి చేరి, అక్కడి నుంచి వెనక్కి రండి. అలా వస్తే సముద్రం మీ ఎడమ చేతి వైపే ఉంటుంది. ఎక్కడ ఆగాలనిపించినా పిల్లలతో రోడ్డు దాటే పని లేదు. పైగా ఈ తీరంలో చూడవలసినవన్నీ ఎండ ముదరకముందే జరిగిపోతాయి.

భీమిలిలో తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు వస్తాయి. కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలను ఇసుక మీద కుప్పపోసి అక్కడే వేలం పాట పాడతారు. తల తెల్లగా, ఒళ్ళు ఇటుక రంగులో ఉండే గరుడ పక్షులు పైన తిరుగుతూ ఉంటాయి. ఎవరి చేయి ఖాళీగా ఉందో వాటికి మనకంటే బాగా తెలుసు. ఒడ్డు నుంచి లాగే పెద్దవల కనబడితే కాసేపు నిలబడండి. రెండు వరసల మనుషులు తాళ్ళు లాగుతూ దగ్గరకు జరుగుతుంటే, చివరికి వల సంచి ఇసుక మీదకు వస్తుంది. ఫోటో తీసేముందు ఒక మాట అడగండి. వాళ్ళు పనిలో ఉన్నారు.

గాలానికి గోస్తని మొగ మంచిది. నది సముద్రంలో కలిసే చోటు కాబట్టి ఉప్పునీళ్ళలోనూ మంచినీళ్ళలోనూ బతికే పండుగప్ప చేప అక్కడికి వస్తుంది. ఎరకు చిన్న రొయ్య చాలు. ఆటు పోటుగా మారే వేళ, అంటే వెనక్కి తగ్గిన నీళ్ళు మళ్ళీ ఎక్కేటప్పుడు, చేప బాగా కదులుతుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: నాచు పట్టిన బండల మీద నిలబడి గాలం వేయనివ్వకండి. ఇసుక ఒడ్డు మీద నుంచే వేయమనండి.

అమ్మాయికి కొంచెం నిరాశ తప్పదు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. పొద్దున మిగిలేది జాడే, ఇసుకలో చిన్న ట్రాక్టరు నడిచినట్టు. ఒక్కో గుంటలో నూరుకు పైగా గుడ్లుంటాయి. అటవీ శాఖ వాళ్ళు వాటిని తీసి కంచె వేసిన చోట పొదిగిస్తారు. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక బాగా వేడెక్కితే ఎక్కువగా ఆడపిల్లలే పుడతాయి. పిల్లలను కడలిలోకి వదలడం చూడాలంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో రావాలి. జనవరిలో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ళు కూడా కనబడవచ్చు. ట్రాలర్ల (వలను నీళ్ళలో ఈడ్చుకుపోయే పెద్ద మరపడవల) వలల్లో చిక్కి, పైకి వచ్చి గాలి పీల్చుకోలేక చనిపోతాయవి. అమ్మాయికి ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగి చూడండి, అంచులు మాత్రం ఎక్కవద్దు. అవి గట్టి రాళ్ళు కావు, పేరుకున్న ఇసుకే. మంగమారిపేట రాతి తోరణం దగ్గర ఆటు సమయం దొరికితే మీ అదృష్టం. బండల మధ్య నీటి గుంటల్లో పీతలు, పువ్వుల్లా ఉండి వేలు తగలగానే ముడుచుకుపోయే సీ అనిమోన్లు అనే సముద్రజీవులు కనిపిస్తాయి. అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా వస్తే నీళ్ళు ఇంకా వెనక్కి తగ్గుతాయి. చూసి వదిలేయండి, సీసాలో వేసుకోవద్దు.

రుషికొండ బీచ్ సంగతి నేను చెప్పనక్కరలేదు, దారి పొడవునా బోర్డులే చెబుతాయి.

ప్రశ్న: వేసవి సెలవుల్లో వస్తే భీమిలిలో తాజా చేపలు దొరకవంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సగం నిజం. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట ఆపేస్తారు. తెడ్డుతో నడిచే తెప్పలకు ఆ నిషేధం లేదు. కాబట్టి కొద్దిగానైనా దొరుకుతాయి, ధర మాత్రం ఎక్కువ. కన్ను మెరుస్తూ, మొప్ప ఎర్రగా ఉంటేనే కొనండి. వంజరమే కావాలని పట్టుబట్టకండి, ఆ రోజు తెప్పలో ఏది వస్తే అదే తినండి.