స్కోపస్‌లో మంచి జర్నల్‌ని, మన పనికి దగ్గరి రచయితల్ని ఎలా వెతకాలి? (విశాఖ నుంచి ఒక జవాబు)

మీరు అడిగినవి మూడు. విశాఖ హార్బర్ బురదలో హెవీ మెటల్స్ మీద పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నారు. గైడ్ గారు స్కోపస్‌లో (పరిశోధన జర్నల్స్, పేపర్ల వివరాలు ఉండే డేటాబేస్) ఉన్న మంచి జర్నల్ చూసుకుని పేపర్ పంపమన్నారు, ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి? ఇదే పని చేస్తున్నవాళ్లు ఇంకెవరున్నారో ఎలా తెలుసుకోవాలి? వాట్సాప్ గ్రూపులో ఒకాయన నెలరోజుల్లో స్కోపస్ పబ్లికేషన్ గ్యారంటీ అంటున్నాడు, నమ్మొచ్చా?

మూడోదానికి ముందే చెప్పేస్తున్నాను, నమ్మొద్దు. ఎందుకో కింద రాస్తాను. నేనూ ఈ ఊళ్లోనే, ఈ తీరం మట్టి మీదే పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను, స్కాలర్లు పేపర్ పంపేముందు వాళ్లతో కూర్చుని జర్నల్స్ చూస్తుంటాను. దాదాపు అందరూ ముందు జర్నల్స్ జాబితా తెరిచి, పై నుంచి కిందికి ర్యాంకులు చదువుతారు. నన్నడిగితే అది తలకిందుల పని. ముందు మనుషుల్ని వెతకండి. మీ సమస్యతో నిజంగా కుస్తీ పడుతున్నవాళ్లు ఎవరో తెలిసి, వాళ్లు ఎక్కడ రాస్తున్నారో చూస్తే, జర్నల్ ప్రశ్న సగం తీరిపోతుంది.

లాగిన్ లేదని రాశారు. స్కోపస్ ఎల్సెవియర్ సంస్థది, 2004లో మొదలైంది. పేపర్లను పూర్తిగా వెతకాలంటే మీ సంస్థ చందా కట్టి ఉండాలి, లైబ్రరీలో అడగండి. చందా లేకపోయినా జర్నల్స్ వివరాల పేజీ, రచయిత పేరుతో వెతికే పేజీ ఉచితంగానే చూడొచ్చు. స్కోపస్ లాంటిదే ఇంకో డేటాబేస్ వెబ్ ఆఫ్ సైన్స్, వాళ్ల మాస్టర్ జర్నల్ లిస్ట్ కూడా ఉచితమే. ఏ పేపర్‌ని ఎవరు ఉదహరించారో చూడటానికి 2022లో వచ్చిన ఓపెన్‌అలెక్స్ ఉంది, దానికీ డబ్బు కట్టక్కర్లేదు. గూగుల్ స్కాలర్‌లో దొరకనిది తక్కువ, కానీ దానికి జల్లెడ లేదు, మంచి జర్నల్, దొంగ జర్నల్ పక్కపక్కనే కనిపిస్తాయి. పేపర్ దొరకబుచ్చుకోవడానికి స్కాలర్, జర్నల్‌ని తూచడానికి స్కోపస్ అని పెట్టుకోండి.

ఇక మనుషుల సంగతి. మీకు బాగా నచ్చిన పేపర్ ఒకటి తీసుకోండి, ఇది నేను రాసుంటే బాగుండేది అనిపించినది. స్కోపస్‌లో దాని పేజీ తెరిస్తే రెండు దారులుంటాయి. కింద రిఫరెన్సులు, అంటే అది ఎవరి మీద నిలబడిందో. పక్కన సైటేషన్లు, అంటే ఆ తర్వాత దాన్ని ఎవరు వాడుకున్నారో. రెండో దారిలో వెళ్లండి. కొత్త పేపర్లు తేదీల వారీగా పెట్టుకుని చదువుతూ పోతే అవే నాలుగైదు పేర్లు మళ్లీమళ్లీ తగులుతాయి. మీ మనుషులు వాళ్లే.

మాటలతో వెతికేటప్పుడు మన విషయంలో ఒక చిక్కుంది. ఒకరు హెవీ మెటల్స్ అంటారు, ఇంకొకరు ట్రేస్ మెటల్స్ అంటారు, ఈమధ్య పొటెన్షియల్లీ టాక్సిక్ ఎలిమెంట్స్ అనడం ఎక్కువైంది. మూడింటినీ మధ్యలో 'ఆర్' (OR) పెట్టి ఒకేసారి ఇవ్వాలి. ఊరి పేరుకీ అంతే. ఇంగ్లీషులో విశాఖపట్నాన్ని ఎస్ తర్వాత హెచ్ పెట్టి రాసినవాళ్లున్నారు, పెట్టకుండా రాసినవాళ్లున్నారు, వైజాగ్ అని వదిలేసినవాళ్లూ ఉన్నారు. పాత పేపర్లలో ఆంధ్ర యూనివర్సిటీ చిరునామా చాలాచోట్ల వాల్తేరు అనే ఉంటుంది. ఆ ఒక్క మాట చేర్చి వెతికితే అంతవరకూ కనబడని పేపర్లు బయటికొస్తాయి. మా స్కాలర్ల చేత నేను మొదట చేయించే పని ఇదే.

సంస్థ పేరుతో వెతికినప్పుడు కూడా కాస్త ఆలోచించాలి. లాసన్స్ బే కాలనీలో ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రం ఉంది కదా, ఆ సంస్థ ప్రధాన కార్యాలయం గోవాలో. మీకు ఆటో దూరంలో కూర్చున్న సైంటిస్టు పేపర్ గోవా కింద నమోదై ఉండొచ్చు. ఊరితో ఆపేయకుండా సమస్యతోనూ వెతకండి. మేఘాద్రిగెడ్డ నీళ్లు వచ్చి పడే ఇన్నర్ హార్బర్‌లో మీరు చూస్తున్నదాని లాంటిదే చెన్నై దగ్గర ఎన్నూరు క్రీక్‌లో, ముంబై దగ్గర థానే క్రీక్‌లో, కొచ్చి బ్యాక్‌వాటర్స్‌లో చూస్తున్నవాళ్లున్నారు. మీ పేపర్‌ని రేపు రివ్యూ చేసేది కూడా బహుశా వాళ్లలో ఒకరే.

రచయిత పేజీ దగ్గర మన తెలుగువాళ్లకి పెద్ద తంటా ఉంది, అది కొంచెం వివరంగా చెప్పాలి. మనకి ఇంటిపేరు ముందు, అదీ తరచుగా ఒక్క అక్షరం. డేటాబేస్‌కేమో చివరి పేరే అసలు పేరు. కె.వి. రమణారావు అనే ఒకాయన ఉన్నారనుకోండి. ఒక జర్నల్‌లో రావు కె.వి.ఆర్. అవుతారు, ఇంకోదాంట్లో రమణారావు కె.వి. అవుతారు, ఇంటిపేరు పూర్తిగా రాసిన చోట ఆ ఇంటిపేరు కింద పడతారు. ఆయన పని మూడు ప్రొఫైల్స్‌గా చీలిపోతుంది, మూడింటికీ మూడు వేరే హెచ్-ఇండెక్స్‌లు. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది, ఒకే పొడి అక్షరాలున్న ఇద్దరు వేరువేరు రావుల పేపర్లు ఒకే ప్రొఫైల్‌లో కలిసిపోతాయి. సముద్రపు మట్టి మీద రాసే మనిషి పేజీలో ఉన్నట్టుండి గుండె ఆపరేషన్ గురించి పేపర్ కనబడితే అనుమానించండి. కాబట్టి పేరుతో పాటు సంస్థ పేరు ఇవ్వండి, సహరచయితల్ని చూడండి, పేపర్ల విషయం ఒక వరుసలో ఉందో లేదో చూడండి. అంకె చదవడం ఆ తర్వాతే.

ఆ హెచ్-ఇండెక్స్ ఏమిటంటే, 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత. హెచ్ 12 అంటే ఆయన పేపర్లలో పన్నెండింటికి ఒక్కోదానికి కనీసం పన్నెండు సైటేషన్లు ఉన్నాయని అర్థం. అది పెరుగుతుందే తప్ప తగ్గదు, అందుకే వయసు మళ్లిన ప్రొఫెసర్‌కి ఎక్కువ, నిన్న మొన్న మొదలుపెట్టిన చురుకైన స్కాలర్‌కి తక్కువ. మీకు పనికొచ్చే మనిషిని ఎంచుకోవడానికి అది చూడకండి. గత మూడు నాలుగేళ్లలో ఏం రాశారో చూడండి.

మీ సంగతి కూడా ఇప్పుడే సరిచేసుకోండి. మొదటి పేపర్ పంపేముందే ఆర్కిడ్ నంబర్ (పరిశోధకులకి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకోండి, పదహారు అంకెలు, ఉచితం. పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారో ఒక్కసారి నిర్ణయించుకుని జీవితాంతం అదే రాయండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకునే ఆలోచన ఉన్న అమ్మాయిలకైతే ఈ మాట మరీ గట్టిగా చెబుతాను.

పాత పేపర్ల గురించి ఒక మాట. 1950లలో అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్రశాస్త్రవేత్త ఆంధ్ర యూనివర్సిటీకి వచ్చి, మన తీరం ఎదుట బంగాళాఖాతం మీద పనిచేశారు. ఆ కాలపు పని చాలావరకు యూనివర్సిటీ సొంత ప్రచురణల్లో వచ్చింది. స్కోపస్‌లో రిఫరెన్సులతో సహా నమోదైనవి ప్రధానంగా 1970 నుంచి వచ్చిన పేపర్లే. కాబట్టి లాఫాండ్ కాలపు పేపర్ నేరుగా దొరకకపోవచ్చు, దాన్ని ఉదహరించిన తర్వాతి పేపర్ల రిఫరెన్సుల్లో మాత్రం కనబడుతుంది. అక్కడ వివరాలు పట్టుకుని లైబ్రరీలో అసలు ప్రతి అడగాలి. డేటాబేస్‌లో లేదు కాబట్టి ఎవరూ చేయలేదని మీ థీసిస్‌లో రాయకండి. మన ఊరి సముద్రం మీద మన ఊళ్లో జరిగిన పనిని మనమే లేదనడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇప్పుడు జర్నల్ దగ్గరికొద్దాం. పైన దొరికిన రచయితల పేపర్లు ఏ జర్నల్స్‌లో ఉన్నాయో స్కోపస్ పక్క పట్టీలో లెక్కతో సహా చూపిస్తుంది. మన విషయానికైతే మెరైన్ పొల్యూషన్ బులెటిన్, ఎన్విరాన్‌మెంటల్ మానిటరింగ్ అండ్ అసెస్‌మెంట్ లాంటి పేర్లు తరచుగా వస్తాయి. వాటిలో మీ పని స్థాయికి తగినవి మూడు నాలుగు ఎంచుకుని ఒక్కోదాని పేజీ తెరవండి.

ఆ పేజీలో అందరి చూపూ సైట్‌స్కోర్ అంకె మీదికి పోతుంది. నేను ముందు చూసేది కవరేజీ సంవత్సరాలు, అంటే స్కోపస్ ఆ జర్నల్‌ని ఏయే ఏళ్లు నమోదు చేసిందో. ఫలానా ఏడు నుంచి ఇప్పటివరకు అని ఉండాలి. మధ్యలో ఆగిపోయి, పక్కన కవరేజీ నిలిపివేశారని ఉంటే ఆ జర్నల్‌ని వదిలేయండి. పాత పేపర్లు సాధారణంగా అందులోనే ఉంటాయి, కొత్తవి ఎక్కవు. స్కోపస్ ఇండెక్స్‌డ్ అని జర్నల్ తన సైట్‌లో రాసుకోవడానికీ, నిజంగా ఈ రోజు ఉండటానికీ మధ్య తేడా తేలేది ఇక్కడే. ఎవరైనా స్కోపస్ జాబితా అని పీడీఎఫ్ పంపితే పక్కన పెట్టేసి, ఐఎస్‌ఎస్‌ఎన్ నంబర్ (జర్నల్ గుర్తింపు సంఖ్య) కొట్టి మీరే చూడండి.

సైట్‌స్కోర్ అంటే నాలుగేళ్లలో వచ్చిన పేపర్లకి అదే నాలుగేళ్లలో పడ్డ సైటేషన్ల సగటు. 2021 నుంచి 2024 వరకు 400 పేపర్లు వేసి, వాటికి ఆ కాలంలోనే 1200 సైటేషన్లు వస్తే స్కోర్ 3. ఆ 3 మంచిదా కాదా అన్నది విషయాన్ని బట్టి ఉంటుంది. గణితంలో అది గొప్ప అంకె, కొన్ని వైద్య రంగాల్లో మామూలే. అందుకే అంకె పక్కనున్న పర్సంటైల్ చూడండి, తన విషయంలోని జర్నల్స్ మధ్య అది ఎక్కడుందో చెబుతుంది. ఒకే జర్నల్ ఒక విషయంలో క్యూ1 (పై పావు భాగం), మరో విషయంలో క్యూ2 (దాని కింది పావు) అవొచ్చు, కంగారు పడకండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వేరే లెక్క, దాన్ని ఇచ్చేది వెబ్ ఆఫ్ సైన్స్ నడిపే క్లారివేట్. వేరే ఎవరిదో పేరుతో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వేసుకున్న జర్నల్ కనబడితే అక్కడే ఆగిపోండి.

అంకెల తర్వాత, దయచేసి ఈ మధ్య వచ్చిన రెండు సంచికలు తెరిచి టైటిల్స్ చదవండి. పేరులో సముద్రశాస్త్రం ఉండి లోపల బ్యాంకుల మేనేజ్‌మెంటు, నర్సింగ్ పేపర్లు కనబడితే ఇక స్కోర్‌తో పని లేదు. ఏడాదికి వంద పేపర్లు వేసే జర్నల్ ఉన్నట్టుండి వేలల్లోకి ఎగబాకినా అదే అనుమానం.

వాట్సాప్ ఆయన గురించి. మా జూనియర్ ఒకమ్మాయి ఇలాగే ఒక ఏజెంటుకి డబ్బు కట్టింది. ఆయన పంపిన సైట్‌లో జర్నల్ పేరు నిజమైనదే, ఐఎస్‌ఎస్‌ఎన్ నిజమైనదే, స్కోపస్‌లో ఆ జర్నల్ ఉన్న మాటా నిజమే. సైట్ మాత్రం నకిలీ. పేపర్ ఆ నకిలీ సైట్‌లో వారంలో వచ్చేసింది, స్కోపస్‌లో ఎప్పటికీ కనబడలేదు. సబ్మిషన్ దగ్గరపడుతున్న రోజుల్లో ఆ పిల్ల పడ్డ టెన్షన్ దగ్గరుండి చూశాను. ఆ డేటా సేకరించింది తను, ఎండలో పడవ మీద నిలబడింది తను. దీనికి విరుగుడు ఉంది: స్కోపస్‌లో ఆ జర్నల్ కింద ఉన్న తాజా పేపర్లనీ, మీకు పంపిన సైట్‌లోని తాజా సంచికనీ పక్కపక్కన పెట్టి చూడండి. టైటిల్స్ కలవకపోతే అది నకిలీ. పీర్ రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) ఫలితాన్ని ముందే గ్యారంటీ ఇవ్వగలిగే మనిషి లోకంలో లేడు.

ఇంకో సంగతి, మీ గైడ్ గారితో మాట్లాడండి. థీసిస్ ఇచ్చేముందు పేపర్ తప్పనిసరి అన్న షరతుని యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. యూజీసీ-కేర్ అనే తన జర్నల్స్ జాబితాని కూడా 2025 ఫిబ్రవరిలో ఆపేసి, జర్నల్స్ ఎంపికని సంస్థలకే వదిలేసింది. మీ యూనివర్సిటీ సొంత నియమం ఏమిటో రాతపూర్వకంగా చూసుకోండి. అడగని షరతు కోసం హడావిడిగా డబ్బు కట్టినవాళ్లు ఉన్నారు.

చివరగా, వెతికి పట్టుకున్న రచయితల్లో ఇద్దరికో ముగ్గురికో మెయిల్ రాయండి. కరస్పాండింగ్ ఆథర్ మెయిల్ పేపర్ మొదటి పేజీలోనే ఉంటుంది. పొగడ్తలు వద్దు. మీ శాంపిల్స్ ఎక్కడివో, ఏ పరికరంతో కొలిచారో, వాళ్ల పేపర్‌లో ఏ పట్టిక మీకు అర్థం కాలేదో నాలుగు లైన్లలో అడగండి. నేను అలా రాసిన ఒకాయన తన బ్యాక్‌గ్రౌండ్ విలువలు (కాలుష్యం లేనప్పటి సహజ స్థాయిలు) ఏ లోతు మట్టి నుంచి తీసుకున్నారో వివరంగా రాసి, నా డ్రాఫ్ట్ చూస్తానన్నారు, ఏ జర్నల్‌కి ఎందుకు పంపాలో కూడా చెప్పారు. ఆ పేపర్ అక్కడే వచ్చింది.